చెక్క తొట్టిలో ఆకుకూరలు.. కాళ్ల కింద బండే రక్ష

కర్నూలు, కడప ప్రాంతాల్లో పెరటి తోట అనగానే ముందుగా వచ్చే ప్రశ్న నీరు. సాధారణ వర్షపాతం ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి 670 మిల్లీమీటర్లు, కడపలో 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అందులో అధిక భాగం జూన్ నుంచి నవంబరు లోపే కురిసిపోతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో నేలలో వేసిన మడికి బిందెలకొద్దీ నీరు పోసినా సాయంత్రానికి తడి ఆనవాలు మిగలదు. పట్టణాల్లో ఇరుకు ఇళ్లవారికి అసలు పెరడే ఉండదు.

ఇలాంటి ఇళ్లకు చెక్క తొట్టి తగిన ఉపాయం. మూడడుగుల తొట్టి ఒకటి ఉంటే రోజుకు రెండు, మూడు లీటర్ల నీటితో ఆకుకూరలు పండించుకోవచ్చు. అయితే ముచ్చటపడి చేయించుకున్న తొట్టి ఏడాది తిరగకుండానే చెదల పాలవడమూ ఇక్కడ మామూలే. ఆ తప్పు చాలా సందర్భాల్లో చెక్కది కాదు. తొట్టిని నేరుగా నేల మీద పెట్టడమే అసలు పొరపాటు. రంగులకు, వార్నిష్‌కు పెట్టే ఖర్చుకన్నా కాళ్ల కింద పెట్టే నాలుగు బండ ముక్కలే తొట్టిని ఎక్కువ కాలం కాపాడతాయి.

బండ ఉండగా చెక్క ఎందుకు?

ఎర్రగుంట్ల, బేతంచెర్ల పరిసరాల్లో బండలకు కొదవ లేదు. నాపరాళ్లతోనే తొట్టి కట్టుకోవచ్చు కదా అన్న సందేహం సహజం. నల్లని కడప బండ ఎండకు తొందరగా వేడెక్కి, ఆ వేడిని లోపలి మట్టికి చేరవేస్తుంది. అంచులను ఆనుకుని ఉన్న వేళ్లు మాడిపోతాయి. మట్టి కుండీ గోడల నుంచి తేమ ఆవిరై పోతుంది. ఇనుప డబ్బాల సంగతి చెప్పనక్కరలేదు. చెక్క ద్వారా వేడి నెమ్మదిగా పాకుతుంది కనుక వేళ్లకు చల్లదనం ఉంటుంది. పైగా బరువు తక్కువ. పలక పాడైతే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. కాబట్టి తొట్టికి చెక్క, దాని కాళ్లకు బండ అన్నది ఈ ప్రాంతానికి సరిపోయే పద్ధతి.

ఏ చెక్క వాడాలి?

గాజు, యంత్ర పరికరాలు అమ్మే దుకాణాలకు సరుకు వచ్చే ప్యాకింగ్ పెట్టెల పలకలు తక్కువ ధరకు దొరుకుతాయి. పలక మందం ముప్పావు అంగుళానికి తగ్గరాదు. పండ్ల పెట్టెల పలకలు మరీ పలుచన, తడిమట్టి ఒత్తిడికి నిలవవు. విదేశాల నుంచి వచ్చిన పెట్టెలపై కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే ఆ చెక్కను వేడితో శుద్ధి చేశారని అర్థం, దానిని వాడుకోవచ్చు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది. తినే మొక్కలకు దానిని దూరంగా ఉంచాలి. క్రియోసోట్ పట్టించిన పాత రైలు స్లీపర్లు, నూనె మరకలున్న పలకలు కూడా పనికిరావు.

కాళ్లకు మాత్రం చేవ ఉన్న చెక్క కావాలి. వేప, నల్లతుమ్మ శ్రేష్ఠం. సర్కారు తుమ్మ వంకరగా పెరుగుతుంది కనుక పలకలకు రాదు గానీ, దాని చేవ గట్టిది. 16 అంగుళాల పొడవుండే కాళ్లకు అది చక్కగా సరిపోతుంది. కట్టెల అడితిలో, కోత మిల్లులో మిగిలిన ముక్కలను అడిగి తెచ్చుకోవచ్చు. పచ్చి కట్టె ఎండాక కుంచించుకుపోయి మేకులు వదులవుతాయి కనుక ఆరిన కట్టెనే ఎంచుకోవాలి. శేషాచలం, లంకమల, పాలకొండల అడవుల నుంచి కలప తేవడం నేరమని మరువరాదు.

కావలసిన సామగ్రి

తొట్టి కొలత 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. పలకలు 4 అంగుళాల వెడల్పు ఉన్నాయనుకుంటే:

- పొడవు వైపులకు 36 అంగుళాల పలకలు 6
- వెడల్పు వైపులకు 16న్నర అంగుళాల పలకలు 6
- అడుగు భాగానికి 16న్నర అంగుళాల పలకలు 8
- కాళ్లకు 2 అంగుళాల చదరపు గుంజలు, 16 అంగుళాల పొడవున 4
- అంగుళం చదరపు బద్దీలు: 30 అంగుళాలవి 2, 12 అంగుళాలవి 2
- రెండు అంగుళాల మేకులు, ఒకటిన్నర అంగుళాల మేకులు
- ఖాళీ ఎరువుల సంచులు, నాలుగు బండ ముక్కలు

పలకలు మొత్తం 37 అడుగులకు పైచిలుకు అవుతాయి. తరుగుతో కలిపి 42 అడుగులు అడిగితే సరిపోతుంది. ఈ లెక్క చెప్పి రెండు మూడు చోట్ల ధర విచారించిన తర్వాతే కొనడం మేలు.

తయారీ విధానం

ముందుగా వెడల్పు వైపులను సిద్ధం చేసుకోవాలి. రెండు గుంజలను పక్కపక్కన ఉంచి, వాటిపై 16న్నర అంగుళాల పలకలు మూడింటిని వరుసగా బిగించాలి. పలకల చివరలు గుంజల బయటి అంచులతో సమానంగా ఉండాలి. గుంజలు తొట్టి లోపలి వైపున ఉంటాయి. పలకల కింద గుంజ 4 అంగుళాలు మిగిలేలా చూడాలి. అదే కాలు అవుతుంది. రెండో వైపునూ ఇలాగే చేయాలి. ఆ తర్వాత రెండు చట్రాలనూ నిలబెట్టి, 36 అంగుళాల పలకలను బయటి నుంచి గుంజలకు కొట్టాలి.

పొడవు వైపుల లోపలి అంచు అడుగున, రెండు గుంజల నడుమ 30 అంగుళాల బద్దీలు బిగించి, వాటిపై 8 పలకలను అడ్డంగా పరవాలి. చివరి రెండు పలకలకు గుంజలు పట్టే మేర మూలలు కోసుకోవాలి. ఒక్కో పలకకు నడుమ పావు అంగుళం సందు వదలాలి. ఎక్కువైన నీరు పోయే దారి అదే. తడిమట్టి ఒత్తిడికి పక్క పలకలు ఉబ్బకుండా రెండు పొడవు వైపులా మధ్యలో, బయటి నుంచి 12 అంగుళాల బద్దీని నిలువుగా కొట్టాలి.

బాగా ఎండిన పలక మేకు కొట్టగానే చీలుతుంది. ముందుగా సన్నని రంధ్రం వేసుకోవాలి. బరమా లేకపోతే మేకు మొనను సుత్తితో కాస్త మొద్దు చేసి కొడితే చీలిక తగ్గుతుంది. బయటి వైపు మాత్రమే లిన్సీడ్ ఆయిల్ రెండు పూతలు వేస్తే చాలు. వాడేసిన ఇంజన్ ఆయిల్, తారు పూయడం కొందరికి అలవాటు. ఆకుకూరల తొట్టికి అవి తగవు.

చెదలు ఎక్కకుండా..

చెదలు నేల నుంచి మట్టి సొరంగాలు కట్టుకుంటూ చెక్కను చేరతాయి. కాలికన్నా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండే బండ ముక్కను ఒక్కో కాలి కింద ఉంచితే, ఆ సొరంగం బండ పైకి వచ్చినప్పుడే కంటపడుతుంది. వారానికోసారి చూసి చీపురుతో తుడిచేస్తే సరిపోతుంది. తొట్టి ఇంటి గోడకు తగలరాదు, జానెడు ఎడం ఉండాలి. కింద ఎండుటాకులు, కట్టె ముక్కలు పోగుపడనివ్వరాదు. పాలిష్ యూనిట్ల దగ్గర, ఇళ్లకు బండలు పరిచే చోట ఇలాంటి ముక్కలు మిగిలిపోతూనే ఉంటాయి.

మట్టి మిశ్రమం

ఎరువుల సంచిని శుభ్రంగా కడిగి, లోపల పరిచి, అడుగున దబ్బనంతో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడవాలి. దీనివల్ల మట్టి సందుల్లోంచి జారదు, పలకలకు తడి నేరుగా తగలదు. అడుగున కంకర పోయాలన్న నమ్మకం ఉంది. దానివల్ల మురుగు నీరు మెరుగ్గా పోదు. వేళ్లకు లోతు తగ్గి, బరువు పెరుగుతుంది.

నల్లరేగడిని ఒంటిగా వాడరాదు. తడిస్తే ఉబ్బి పలకలను నెడుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు కలపాలి. గుప్పెడు వేపపిండి చేర్చుకోవచ్చు. పై అంచుకు అంగుళం తక్కువగా నింపాలి.

నీరు.. పంట

మొలకలు నాలుగు ఆకులు వేశాక మట్టిపై వేరుశనగ పొట్టు పలుచగా కప్పితే తేమ నిలుస్తుంది. సాయంత్రం గానీ, తెల్లవారుజామున గానీ నీరు పోయాలి. బియ్యం, పప్పు కడిగిన నీరు ఇందుకు పనికొస్తుంది. వేలు రెండు కణుపుల లోతు దింపి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి. బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్లలో మట్టిపై తెల్లని పొర పేరుకుంటుంది. వానాకాలంలో తొట్టిని వానకు తడవనిస్తే ఆ ఉప్పు అడుగు సందుల గుండా పోతుంది.

మధ్యాహ్నం తర్వాత నీడ పడే తూర్పు వైపు స్థలం మంచిది. ఎండాకాలంలో తోటకూర, బచ్చలి తట్టుకుంటాయి. పాలకూర, మెంతి, కొత్తిమీరలను అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వేసుకోవచ్చు. తెగుళ్లు కనిపిస్తే బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో సలహా పొందవచ్చు.

మిద్దె మీద పెట్టేముందు..

ఈ తొట్టిలో పట్టే మట్టి సుమారు 85 లీటర్లు. నీరు పోశాక మొత్తం బరువు 120 కిలోల వరకు ఉంటుంది. అంటే ఇద్దరు మనుషులు పగలూ రాత్రీ ఒకేచోట నిలబడినట్లే. దూలాలపై మట్టి పరిచిన పాత మిద్దెల మీద దీనిని ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టరాదు. వానలకు నాని బరువెక్కిన మట్టి మిద్దెలు కూలి ప్రాణాలు పోయిన సంఘటనలు సీమ పల్లెలకు కొత్త కావు. అలాంటి ఇళ్లవారు తొట్టిని వాకిట్లోనో, పెరట్లోనో ఉంచుకోవాలి.

మనుషులు తిరిగే కాంక్రీటు కప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారాన్ని భారత ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకుంటుంది. కనుక తొట్లను నడిమధ్యన గుంపుగా పేర్చకుండా, గోడలు లేదా దూలాలు ఉన్న అంచుల వెంట, ఒక్కోదాని నడుమ మీటరు ఎడంతో ఉంచాలి. కాళ్ల కింద బండ ముక్కలు ఇక్కడా తప్పనిసరి. బరువు ఒకే బిందువుపై పడకుండా అవి పంచుతాయి. కప్పుకు పగుళ్లు, చెమ్మ ఉంటే ఇంజినీరును అడగకుండా తొట్టి పైకి ఎక్కించరాదు.

ప్యాకింగ్ చెక్క ఆరుబయట శాశ్వతంగా ఉండదు. రెండు మూడేళ్లకు అడుగు పలకలు మెత్తబడవచ్చు. అప్పుడు మట్టి దించి, పాడైన పలకలు మార్చుకుంటే చాలు. చేవ కాళ్లు, వాటి కింది బండలు మళ్లీ అక్కరకు వస్తాయి. మొదట ఒక్క తొట్టి చేసి, ఒక వేసవి గడిపి చూశాకే రెండోదానికి పలకలు కొనడం మంచిది.