కంటికి కనిపించని చేప

పిల్లలూ! మీ నాన్నగారి ఉద్యోగం కోసం మీరంతా జపానులో ఉంటున్నారనుకోండి. అక్కడ చాలా హోటళ్ళ ముందు, అద్దాల వెనక వంటకాల నమూనాలు పెడతారు. భాష రాకపోయినా వేలితో చూపి కావలసింది తెప్పించుకోవచ్చు. పిల్లలకైతే ప్రత్యేకమైన పళ్ళెమే ఉంది. 1930లో టోకియోలోని మిత్సుకోషి అనే పెద్ద దుకాణపు భోజనశాలలో దాన్ని మొదలుపెట్టారు. అన్నాన్ని ఫూజీ కొండలా పేర్చి, శిఖరం మీద చిన్న జెండా గుచ్చేవారు!

అయితే ఒక్కమాట. కూరముక్కలే కనబడే చారులో కూడా తరచు ఎండుచేప రసం ఉంటుంది. దాని పేరు "దాషి". సముద్రపు నాచుతో చేసే దాషి కూడా ఉంది. నమూనా చూస్తే ఏది ఏదో తెలియదు. శాకాహారులూ, చేప పడనివారూ తినకముందే అడగాలి. పెద్దవాళ్ళు మొహమాటపడితే మీరే అడగండి.