మెదడులో కంతి – మఱపు

మెదడులోని కంతికి విశాఖపట్టణమున శస్త్రచికిత్స పొంది ఎచ్చెర్లకు మరలివచ్చిన యొక విద్యార్థి తండ్రి, పరీక్ష లెన్నడని మమ్ము మూడుమారు లడిగెను. మేము విసుగుకొంటిమి. అది మా తప్పు. తన చిన్ననాటి బడిసంగతులను మాత్ర మాయన చక్కగా చెప్పెను.

మెదడునకు ఇరుప్రక్కల, చెవుల దాపున, లోతుగా హిప్పోకాంపస్ అను భాగము కలదు. క్రొత్త సంగతులు నిలుచుటకు ఇది ముఖ్యము. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనువానికి మూర్ఛ మాన్పుటకై దీనిని రెండువైపులను చాలవఱకు తొలగించిరి. 2008లో మరణించువఱకు అతనికి క్రొత్త సంగతులు దాదాపు నిలువనే లేదు, బాల్యస్మృతులు మిగిలెను. కంతి యొత్తిడియు, దాని చుట్టు వాపును, ఒక్కొక్కప్పుడు రేడియేషను చికిత్సయు, మూర్ఛమందులును కొందఱికి మఱపు కలిగించును.

ఇంటివారు దీనిని అశ్రద్ధ యని గద్దింతురు. రోగి సిగ్గుపడి యడుగుటయే మానును. పిదప మందులవేళయు తప్పును. గోడమీద వేళలు వ్రాసి యుంచుడు. చేతికొక చిన్న పుస్తక మిండు. ఒక పని ముగిసినపిమ్మటనే వేఱొకటి చెప్పుడు. నాలుగవమా రడిగినను, మొదటిమారు చెప్పినట్లే చెప్పుడు.