అరటిలో చలిని తట్టుకునే శక్తి – కణస్థాయి విశ్లేషణ

అరటి ఉష్ణమండల పంట. 26 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రతలో ఇది చక్కగా పెరుగుతుంది. ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీలకు తగ్గితే కొత్త ఆకు రావడం దాదాపు ఆగిపోతుంది. 12–13 డిగ్రీలకన్నా తగ్గినప్పుడు కణజాలానికి నష్టం మొదలవుతుంది. ఆదిలాబాద్ ప్రాంతంలోనూ, విశాఖ మన్యంలోని చింతపల్లి పరిసరాలలోనూ శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రతలు 10 డిగ్రీల లోపునకు పడిపోతాయి. మహారాష్ట్రలోని జల్‌గావ్ అరటి రైతులకూ ఇది ఏటా ఎదురయ్యే సమస్యే. ఆకులు పాలిపోవడం, అంచులు ఎండడం, గెల పూర్తిగా వెలుపలికి రాక కాండం గొంతులోనే ఇరుక్కుపోవడం, కాయ తొక్క రంగు చెడడం దీని లక్షణాలు. ఈ పాలిపోవడాన్ని నత్రజని లోపంగా భావించి యూరియా వేయించడం క్షేత్రంలో తరచుగా జరిగే పొరపాటు. కణంలో ఏమి జరుగుతున్నదో గ్రహిస్తే ఈ పొరపాటును నివారించవచ్చు.

చలిదెబ్బ వేరు, గడ్డకట్టే దెబ్బ వేరు

నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత వద్ద కణాల మధ్య మంచు స్ఫటికాలు ఏర్పడి, కణంలోని నీటిని వెలుపలికి లాగివేస్తాయి. గోధుమ, ఆవ వంటి పంటలు ఈ స్థితిని కొంతవరకు తట్టుకుంటాయి. అరటి సమస్య వేరు. ఇక్కడ మంచు ఏర్పడదు. సున్నాకు ఎంతో పైన, 8–12 డిగ్రీల వద్దనే కణం పని చెడుతుంది. కనుక అరటిలో చలిని తట్టుకోవడం అంటే ప్రధానంగా త్వచాలను, ఎంజైములను, నీటి ప్రవాహాన్ని చల్లని స్థితిలోనూ పనిచేసేలా నిలుపుకోవడమే.

మొదటి దెబ్బ కణత్వచానికే

చలికాలం ఉదయాన వంటింట్లో నెయ్యి గడ్డకట్టి ఉంటుంది. పక్కనే ఉన్న వేరుశనగ నూనె మాత్రం ద్రవంగానే ఉంటుంది. నేతిలో సంతృప్త కొవ్వు ఆమ్లాలు, నూనెలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అధికంగా ఉండటమే ఈ తేడాకు కారణం. కణత్వచంలోని కొవ్వు పదార్థాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. సంతృప్త ఆమ్లాలు ఎక్కువగా ఉన్న త్వచం చలికి బిగుసుకుపోతుంది. అందులో పొదిగి ఉన్న ప్రోటీన్లు కదలలేవు. అయాన్లను అదుపుచేసే పంపులు మందగిస్తాయి. పొటాషియం వంటి లవణాలు వెలుపలికి కారిపోతాయి. చలికి గురయ్యే మొక్కలలో త్వచపు భౌతిక స్థితిలో వచ్చే ఈ మార్పే మూలకారణమన్న భావనను లయన్స్, రైసన్ వంటి శాస్త్రజ్ఞులు 1970 దశకంలో ముందుకు తెచ్చారు. ఆ తరువాతి పరిశోధనలు దీనికి ఎన్నో సవరణలు చేర్చినా, త్వచానికి ఉన్న ప్రాధాన్యం నిలిచే ఉంది.

తట్టుకునే మొక్క చేసే మొదటి పని, డీశాచురేజ్ ఎంజైముల సాయంతో కొవ్వు ఆమ్లాలలో ద్విబంధాల సంఖ్యను పెంచుకోవడం. దీనివల్ల త్వచం తక్కువ ఉష్ణోగ్రత వద్ద కూడా మెత్తగా ఉంటుంది. అయితే ఈ సర్దుబాటుకు వ్యవధి కావాలి. చలి క్రమంగా పెరిగిన ఏడాదికన్నా ఒక్కసారిగా వచ్చి పడిన ఏడాదిలో నష్టం తీవ్రంగా ఉండటానికి ఇది ఒక కారణం.

సంకేతం అందుకునే విధానం

త్వచం బిగుసుకోవడమే మొక్కకు తొలి హెచ్చరిక. త్వచంలోని మార్గాలు తెరుచుకొని కాల్షియం అయాన్లు కణద్రవ్యంలోకి చొరబడతాయి. ఈ సంకేతాన్ని కైనేజ్ ఎంజైములు కేంద్రకానికి చేరవేస్తాయి. అక్కడ ఐసిఇ-1 అనే నియంత్రక ప్రోటీన్ చురుకుచెంది, సిబిఎఫ్ కుటుంబపు జన్యువులను మేల్కొలుపుతుంది. అవి రక్షక ప్రోటీన్లను, చక్కెరలను, ప్రోలిన్‌ను తయారుచేసే జన్యువులను పనిలోకి దించుతాయి. అరాబిడాప్సిస్‌లో మొదట వెల్లడైన ఈ గొలుసులోని ప్రధాన భాగాలు అరటిలోనూ ఉన్నాయి. 2012లో మూసా అక్యుమినేటా జన్యుక్రమం వెలువడటంతో అరటిలో ఇటువంటి జన్యువుల అన్వేషణ సులభమైంది.

చల్లని రాత్రి తరువాత వచ్చే ఎండ

అసలు నష్టం అనేకసార్లు రాత్రి కాదు, మరునాటి ఉదయం జరుగుతుంది. పత్రహరితం కాంతిని గ్రహించడం ఉష్ణోగ్రతపై అంతగా ఆధారపడదు. కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే ఎంజైములు మాత్రం చలికి మందగిస్తాయి. రాబడి తగ్గకుండా ఖర్చు ఆగిపోయినట్లు, హరితరేణువులో శక్తి పేరుకుపోతుంది. దారిలేని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు చేరి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన రూపాలను పుట్టిస్తాయి. ఇవి త్వచపు కొవ్వులను ఆక్సీకరిస్తాయి. కాంతి వ్యవస్థ-2ను దెబ్బతీస్తాయి. పత్రహరితం నశించి ఆకు పాలిపోతుంది. రైతు చూసే పసుపు రంగు ఇదే.

దీనికి ఎదురుగా నిలిచేవి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కేటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ ఎంజైములు. మొదటిది సూపరాక్సైడును హైడ్రోజన్ పెరాక్సైడుగా మారిస్తే, మిగిలిన రెండూ దానిని నీరుగా విడగొడతాయి. మొదటిది ఒక్కటే పెరిగి మిగిలినవి వెనుకబడితే ప్రయోజనం లేదు. గొలుసు మొత్తం సమతూకంలో ఉండాలి.

నీటి ప్రవాహం

నేల చల్లబడినప్పుడు వేళ్ల కణత్వచాలలోని ఆక్వాపోరిన్లు, అనగా నీటి ద్వారాలు, సరిగా పనిచేయవు. నేలలో తేమ ఉన్నా ఆకు వాడిపోతుంది. పోషకాల గ్రహణమూ తగ్గుతుంది. కనుక చలి తీవ్రంగా ఉన్న రోజులలో వేసిన యూరియా మొక్కకు అందేది స్వల్పమే. ఒక అరటి ఆక్వాపోరిన్ జన్యువును అరటిలోనే అధికంగా వ్యక్తమయ్యేలా చేసినప్పుడు చలి, బెట్ట, లవణ ఒత్తిడి మూడింటినీ తట్టుకునే శక్తి పెరిగినట్లు పరిశోధనలు చూపాయి. ప్రోలిన్, కరిగే చక్కెరలు కణంలో నీటిని నిలిపి, ప్రోటీన్ల ఆకృతిని కాపాడతాయి.

కాయ తొక్కలో గోధుమ చారలు

అరటి తొక్కలో ఫీనాల్ పదార్థాలు, ముఖ్యంగా డోపమిన్, సమృద్ధిగా ఉంటాయి. ఆరోగ్యకరమైన కణంలో ఇవి ఒక అరలోనూ, పాలీఫీనాల్ ఆక్సిడేజ్ ఎంజైము మరొక అరలోనూ విడిగా ఉంటాయి. చలికి త్వచాలు దెబ్బతిన్నప్పుడు రెండూ కలిసి గోధుమరంగు పదార్థం ఏర్పడుతుంది. తొక్కను పలుచగా చెక్కి చూస్తే లోపల గోధుమ చారలు కనిపిస్తాయి. అటువంటి కాయ మాగినా నిగనిగలాడే పసుపు రాక, పొగచూరినట్లు కనిపిస్తుంది. కాయలను 13–14 డిగ్రీల వద్ద నిల్వ చేయాలని సిఫారసు చేయడానికి కారణం ఇదే.

రకాల మధ్య తేడా

సాగులోని అరటి రకాలు మూసా అక్యుమినేటా (ఎ), మూసా బాల్బిసియానా (బి) జన్యురాశుల కలయికలు. గ్రాండ్ నైన్ వంటి కావెండిష్ రకాలు ఎఎఎ వర్గానివి. ఇవి చలికి సున్నితం. దక్షిణ చైనాలో సాగయ్యే దాజియావో ఎబిబి వర్గానికి చెందినది. చలిని మెరుగ్గా తట్టుకుంటుంది. ఎబిబి మొక్కల నారును 6, 24 గంటలపాటు చలికి గురిచేసి, 2012లో ప్రచురించిన ప్రోటీన్ల అధ్యయనంలో 3,400కు పైగా ప్రోటీన్లను గుర్తించగా, సుమారు 800 ప్రోటీన్ల పరిమాణంలో మార్పు కనిపించింది. కావెండిష్‌తో పోల్చినప్పుడు ఆక్సీకరణ నిరోధక శక్తి అధికంగా ఉండటం, త్వచపు కొవ్వుల ఆక్సీకరణ తక్కువగా ఉండటం తేలాయి. మన కొవ్వూరు బొంత కూడా ఎబిబి వర్గానిదే. అయితే బి జన్యురాశి ఉన్నంత మాత్రాన ప్రతి రకమూ ఒకే స్థాయిలో తట్టుకుంటుందని భావించరాదు. ప్రతి రకాన్నీ విడిగా పరీక్షించవలసిందే.

పరీక్షించే సులభ పద్ధతి

విద్యార్థులు ఖరీదైన పరికరాలు లేకుండానే త్వచ నష్టాన్ని కొలవవచ్చు. సమాన పరిమాణం గల ఆకు బిళ్లలను కోసి, కడిగి, స్వేదనజలంలో కొన్ని గంటలు ఉంచి విద్యుత్ వాహకతను నమోదు చేయాలి. తరువాత అదే గొట్టాన్ని మరిగించి, చల్లార్చి మరల కొలవాలి. మొదటి విలువను రెండవ విలువతో భాగించి నూరుతో గుణిస్తే లవణాల కారుడు శాతం వస్తుంది. చలికి గురిచేసిన మొక్కలోనూ, చేయని మొక్కలోనూ ఈ శాతాన్ని పోల్చితే రకాల తట్టుకునే శక్తి స్థూలంగా తెలుస్తుంది.

క్షేత్రానికి అన్వయం

గెల వేసే దశ డిసెంబరు, జనవరి నెలల్లో పడకుండా నాటు తేదీని నిర్ణయించడం అన్నింటికన్నా ముఖ్యం. టిష్యూకల్చర్ గ్రాండ్ నైన్ నాటిన 7–8 నెలలకు గెల వేస్తుంది. కనుక చలి అధికంగా ఉండే ప్రాంతాలలో ఈ లెక్క వేసుకొని రైతుకు సలహా ఇవ్వాలి. తడి నేల పొడి నేలకన్నా ఎక్కువ వేడిని నిల్వ ఉంచుకుంటుంది. బోరు నీరు రాత్రి గాలికన్నా వెచ్చగా ఉంటుంది. అందువల్ల చలి రాత్రులకు ముందు పలుచని తడి ఇవ్వడం మేలు. గాలి నిరోధక చెట్ల వరుసలు, గెలలకు పాలిథీన్ తొడుగులు ఉపకరిస్తాయి. పోషక లోపాన్ని నిర్ధారించే ముందు గత పది రోజుల రాత్రి ఉష్ణోగ్రతలను పరిశీలించాలి. పాలిపోయిన ఆకు వెనుక ఉన్నది ఎరువుల కొరత కాక చలికి గాయపడిన కణమే అయితే, రైతుకు కావలసింది యూరియా బస్తా కాదు. నేలను వెచ్చగా ఉంచి, మొక్క కోలుకునేందుకు వ్యవధి ఇవ్వడం.