అమ్మవారిని చూసొద్దాం... అత్తగారినీ తీసుకెళ్దాం!

విశాఖలో దసరా మండపాలు

దసరా వచ్చిందంటే అందరికీ సెలవులే, ఒక్క ఇల్లాలికి తప్ప! పిల్లలు ఇంట్లో ఉంటారు. చుట్టాలు దిగుతారు. రోజుకో నైవేద్యం... ఓ రోజు పులిహోర, ఓ రోజు దద్ధ్యోజనం, ఇంకో రోజు అల్లం గారెలు. సాయంత్రమైతే పేరంటాలు. ఇంత హడావుడిలో పిల్లలు వచ్చి "అమ్మవారి మండపాలు చూసొద్దామా?" అంటే, "మీ నాన్నతో వెళ్ళండమ్మా, నాకు పనుంది" అనేస్తాం.

మనమైనా అడిగించుకుని మానేస్తాం. అడిగించుకోకుండానే మానేసేవాళ్ళు కొందరుంటారు. భర్త పోయిన అత్తగారో, అమ్మో, మేనత్తో. "ఇంటికి తాళమెందుకు, నేనుంటాలే, మీరెళ్ళి రండి" అంటారు. పేరంటానికి పిలుపు రాదు గనక పండగంటేనే తనది కాదని అనుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది. ఈ దసరాకి ఆ తాళం వేసేద్దాం. విశాఖ మండపాలు ఎలా చూడాలో, ఎప్పుడు చూస్తే బావుంటుందో చెప్పుకుందాం. ఎవరెవరు వెళ్ళాలో కూడా!

ఇన్ని రకాల అమ్మవార్లు ఇక్కడెందుకు?

మన పేటల్లో పెట్టే మండపాలు మీకు తెలిసినవే. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మకి చేసినట్టే రోజుకో అలంకారం. బాలా త్రిపుర సుందరి, గాయత్రి, అన్నపూర్ణ, మూలా నక్షత్రం రోజున సరస్వతి... విగ్రహం ఒకటే. చీర, నగలు, చేతిలో వస్తువులు మారతాయి. అందుకే మన మండపాన్ని ఒక్కసారి చూస్తే చాలదు, రోజూ వెళ్ళాలి.

విశాఖలో వీటితోపాటు ఇంకో రకం కూడా చూడొచ్చు. అవి బెంగాలీ వాళ్ళ దుర్గాపూజ మండపాలు. మన సముద్రం ఒడ్డుకి వాళ్ళెలా వచ్చారంటారా? ఇక్కడి రేవుని కట్టించింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1933లో రేవు తెరిచారు. రైలుతో, రేవుతో బెంగాలీ ఉద్యోగులూ వాల్తేరు చేరారు. ఆ తరవాత షిప్‌యార్డు వచ్చింది. 1948లో 'జల ఉష' అనే ఓడ అక్కణ్ణించే నీళ్ళలోకి దిగింది. నౌకాదళం వచ్చింది. 1971లో స్టీలు ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఒక్కో పనికీ ఒక్కో ప్రాంతం వాళ్ళు పెట్టెలు సర్దుకుని వచ్చారు. పెట్టెల్లో బట్టలతోపాటు దేవుణ్ణీ తెచ్చుకోకుండా ఉంటారా? వాల్తేరు కాళీబారిలో, ఉక్కునగరంలో జరిగే దుర్గాపూజలు అలా వచ్చినవే. ఆర్.కె. బీచ్ దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న కాళీమాత గుడి మీకు తెలిసిందేగా!

పుట్టింటికొచ్చిన ఆడపిల్ల

బెంగాలీ మండపంలో అమ్మవారు ఒంటరిగా ఉండదు. మధ్యలో పది చేతులతో దుర్గ, కాలి కింద మహిషాసురుడు, పక్కన సింహం. రెండు వైపులా నలుగురు పిల్లలు. గుడ్లగూబతో లక్ష్మి, హంసతో సరస్వతి, నెమలితో కుమారస్వామి, ఎలుకతో వినాయకుడు. "అదేమిటి, లక్ష్మీ సరస్వతులు దుర్గకి కూతుళ్ళా?" అని మీ అమ్మాయి అడక్క మానదు. బెంగాలీ ఇళ్ళల్లో అంతే! కైలాసం నుంచి పార్వతి పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తుంది. నాలుగు రోజులుండి దశమి నాడు మళ్ళీ అత్తింటికి బయల్దేరుతుంది. వాళ్ళ దసరా కథంతా ఇదే.

ఈ కథ మనకి ఎవరైనా విడమరచి చెప్పాలా? బొట్టు పెట్టి, ఒడిబియ్యం పోసి, చలిమిడి కట్టి ఆడపిల్లని సాగనంపిన ప్రతి తల్లికీ తెలుసు. దశమి నాడు అక్కడి ఆడవాళ్ళు తమలపాకులతో అమ్మవారి బుగ్గలు తుడిచి, నోటికి మిఠాయి తాకించి, చెవిలో "మళ్ళీ ఏడు రామ్మా" అని చెప్పి పంపిస్తారు. చూస్తుంటే మనకీ కళ్ళు చెమర్చుతాయి.

విగ్రహాన్ని దగ్గరగా చూడండి. వెదురు, చెక్కల చట్రం మీద ఎండుగడ్డి కట్టి, దాని మీద మట్టి మెత్తి చేస్తారు. తెల్లటి కిరీటం, నగలు కనిపిస్తే అది వెండి అనుకునేరు! చాలాసార్లు అది మనం జీలుగబెండు అంటామే, దాన్ని సన్నగా కోసి చేసిన పని. కళ్ళు దిద్దడం అన్నిటికంటే చివరి పని. సంప్రదాయం ప్రకారం మహాలయ అమావాస్య నాడు దిద్దుతారు. కోల్‌కతా దుర్గాపూజని 2021లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కళలో చిన్న ముక్కని మనం సిటీ బస్సెక్కి వెళ్ళి చూడొచ్చు.

ఏ రోజు ఏం చూడాలి?

షష్ఠి: సాయంత్రం అమ్మవారిని మేల్కొలిపే పూజ చేస్తారు. జనం తక్కువ. అలంకరణ తాజాగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళడానికి ఇదే మంచి రోజు.

సప్తమి: పొద్దున్నే ఓ అరటి మొక్కకి స్నానం చేయించి, ఎర్ర అంచు తెల్ల చీర కట్టి, వినాయకుడి పక్కన నిలబెడతారు. కొత్త కోడలిలా తల వంచుకుని నిలబడే ఆ అరటి మొక్కని సరదాగా వినాయకుడి పెళ్ళాం అంటారు. నిజానికి అది అమ్మవారి రూపమే. అరటి, పసుపు, చేమ, మారేడు, దానిమ్మ, అశోక, వరి వంటి తొమ్మిది మొక్కల్ని కలిపి కడతారు. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి ఏరుకొచ్చే మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

అష్టమి: పొద్దున్న పుష్పాంజలి. అందరి చేతుల్లో పూలు పెడతారు. పూజారి మంత్రం చెబితే వెంట పలికి, పూలు అమ్మవారికి సమర్పిస్తారు. అప్పటిదాకా ఉపవాసం. అష్టమి వెళ్ళి నవమి వచ్చే వేళ 48 నిమిషాలు సంధిపూజ. 108 దీపాలు వెలిగిస్తారు. ఆ వేళ ఏటేటా మారుతుంది, అర్ధరాత్రి కూడా పడొచ్చు. ముందే కనుక్కోండి.

నవమి: సాయంత్రం హారతి చూడాలి. ఢాక్ అనే పెద్ద డోళ్ళ మోతకి, మట్టి ధూపపాత్రలు చేత పట్టుకుని నాట్యం చేస్తారు. పొగ బాగా వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు కాస్త దూరంగా నిలబడాలి సుమా!

దశమి: సాగనంపడం, నిమజ్జనం. దాని సంగతి కిందే చెబుతాను.

వాళ్ళ పొయ్యికీ సెలవే

మనకి అసూయ పుట్టించే సంగతి ఒకటుంది. పూజ రోజుల్లో చాలా మండపాల్లో మధ్యాహ్నం 'భోగ్' వడ్డిస్తారు. పెద్ద పెద్ద గుండిగల్లో వండుతారు. అందరూ బారులు తీరి కూర్చుని తింటారు. ఇంటి దగ్గర మధ్యాహ్నం వంట ఉండదు! పండగ పేరు చెప్పి మనం పొయ్యి దగ్గర ఇంకో రెండు గంటలు ఎక్కువ నిలబడితే, వాళ్ళు పండగ పేరు చెప్పి పొయ్యి ఆర్పేస్తున్నారు. మన పేట మండపంలోనూ ఒక్కరోజైనా ఇలా అందరికీ కలిపి వండిస్తే ఎలా ఉంటుందంటారు? కమిటీ వాళ్ళని అడిగి చూడండి.

భోగ్‌లో ముఖ్యమైంది ఖిచురి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు గనక నియమాలున్న పెద్దవాళ్ళకీ ఇబ్బంది ఉండదు.

భోగ్ ఖిచురి

కావలసినవి: పెసరపప్పు 1 గ్లాసు, చిట్టిముత్యాల బియ్యం 1 గ్లాసు, బంగాళాదుంపలు 2, చిన్న కాలీఫ్లవర్ సగం, పచ్చి బఠాణీలు గుప్పెడు, అల్లం ముద్ద 1 చెంచా, జీలకర్ర 1 చెంచా, ఎండుమిర్చి 2, బిర్యానీ ఆకులు 2, ఏలకులు 3, దాల్చినచెక్క చిన్న ముక్క, పసుపు అర చెంచా, పంచదార 1 చెంచా, నెయ్యి 3 పెద్ద చెంచాలు, ఉప్పు తగినంత.

చేసే పద్ధతి: పెసరపప్పుని నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి కడగాలి. రుచంతా ఈ వేపుడులోనే ఉంది, తొందరపడకండి. బియ్యం కడిగి ఓ పక్కన పెట్టుకోండి. కూరముక్కలు కొంచెం నెయ్యిలో వేయించి తీసేయండి. అదే గిన్నెలో మరి కాస్త నెయ్యి వేసి బిర్యానీ ఆకులు, ఎండుమిర్చి, జీలకర్ర, ఏలకులు, చెక్క వేసి, వేగాక అల్లం ముద్ద, పసుపు వేయాలి. పప్పు, బియ్యం వేసి రెండు నిమిషాలు కలిపి, 6 గ్లాసుల వేడినీళ్ళు పోయాలి. సగం ఉడికాక ముక్కలు, బఠాణీలు, ఉప్పు, పంచదార వేయాలి. జారుగా ఉండగానే దింపి, పైన మిగిలిన నెయ్యి వేయండి. మన కట్టుపొంగలికి ఇది అక్కచెల్లెలే. మనం మిరియాలు వేస్తాం, వాళ్ళు పప్పు వేపుతారు, అంతే తేడా!

సిందూరం దగ్గర ఒక మాట

దశమి నాడు అమ్మవారికి సిందూరం పెట్టాక ఆడవాళ్ళు ఒకరి పాపిట్లో, చెంపల మీద ఒకరు సిందూరం రాసుకుంటారు. దీన్ని 'సిందూర్ ఖేలా' అంటారు. ఎర్ర అంచు తెల్ల చీరలు, చేతులకి శంఖు గాజులు, ఎర్ర గాజులు, ముఖాలన్నీ ఎర్రగా... చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ ఇది ముత్తైదువుల వేడుక. భర్త లేనివాళ్ళని అక్కడా దూరంగానే ఉంచుతూ వచ్చారు. మన పేరంటంలాగే!

ఆ షరతు వద్దంటూ 2017లో కోల్‌కతాలో ఓ ప్రచారం జరిగింది. భర్త పోయినవాళ్ళు, పెళ్ళికానివాళ్ళు, విడిగా ఉంటున్నవాళ్ళు కూడా సిందూర్ ఖేలాలో కలిశారు. అందరూ ఒప్పుకున్నారని కాదు. కానీ ఒక తలుపు తెరుచుకుంది.

మనం ఒక్కరోజులో లోకాన్ని మార్చక్కర్లేదు. సిందూరం ఆటకే తీసుకెళ్ళాలనీ లేదు. అష్టమి పుష్పాంజలికి తీసుకెళ్ళండి. పూలు చేతిలో పెట్టేటప్పుడు నుదుటి మీద బొట్టుందా లేదా అని చూడరు. భోగ్ పంక్తిలో ముత్తైదువులకో వరస, మిగతావాళ్ళకో వరస ఉండదు. ఏళ్ళ తరబడి గుమ్మం లోపలే ఉండిపోయిన మనిషికి నలుగురితో కలిసి దోసిట్లో పూలు పట్టుకుని నిలబడటం చిన్న సంగతేం కాదు. "మీరు రండి" అని ఒక్కసారి అంటే వాళ్ళు "నాకెందుకే" అంటారు. రెండోసారి కూడా అనండి. మూడోసారి చీర మీరే తీసి మంచం మీద పెట్టండి!

బయల్దేరే ముందు

• ఊరంతా ఒకే సాయంత్రం తిరగాలనుకోకండి. వాల్తేరు, బీచ్ వైపు ఓ రోజు, గాజువాక, ఉక్కునగరం వైపు ఓ రోజు పెట్టుకోండి.

• ఆ రోజు సాయంత్రానికి పొద్దున్నే పులిహోర కలిపేయండి. తిరిగొచ్చాక వంట పెట్టుకోకండి.

• భోగ్ తినాలనుకుంటే ముందురోజే కనుక్కోండి. కొన్నిచోట్ల కూపన్లు ఇస్తారు.

• పిల్లల జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పండి.

• మెళ్ళో బంగారం తగ్గించండి. నూలు చీరే కట్టండి. దీపాలు, ధూపాల దగ్గర సింథటిక్ చీరలు ప్రమాదం.

• పెద్దవాళ్ళకి మంచినీళ్ళు, మాత్రలు, మడతకుర్చీ. మండపంలో వాళ్ళని ముందు కూర్చోబెట్టి తరవాత మీరు తిరగండి.

• నిమజ్జనం ఒడ్డు నుంచే చూడండి. ఆర్.కె. బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి. పిల్లల్ని మోకాలి లోతుకి కూడా పంపొద్దు.

• మీ పేట మండపానికి వచ్చే ఏడు విగ్రహం చెప్పేటప్పుడు రంగులు తక్కువగా ఉన్న మట్టి విగ్రహమే చెప్పమనండి. కలిసేది మన సముద్రంలోనే కదా!

నిమజ్జనం అయ్యాక బెంగాలీ ఇళ్ళల్లో 'శుభో బిజొయా' అంటూ పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టి మిఠాయి తింటారు. మనం జమ్మి ఆకు చేతిలో పెట్టి దీవెనలు తీసుకుంటాం. ఆ దీవెనకి పసుపు కుంకాల లెక్క లేదు, వయసే లెక్క. ఈ దశమికి ఇంట్లో అందరికంటే ముందు ఎవరి కాళ్ళకి దండం పెట్టాలో మీకు తెలుసు. పిల్లలకీ చెప్పండి.