మంచులో మోసిన రాళ్లు

'ఓడిపోయినాయన పేరెందుకు పెట్టిన్రు, అయ్యగారూ?'

గౌలిగూడలోని మా సండేస్కూల్లో ఒక కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. ఆ రోజు పాఠం యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం. ఇశ్రాయేలీయులు యొర్దాను నడుమ నుంచి 12 రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు వాటి సంగతి అడిగితే పెద్దలు జవాబు చెప్పాలన్నది దేవుని ఆజ్ఞ. రాళ్లు నిలబెట్టడం తేలికే, జవాబు చెప్పేవాళ్లే కరువు. మా పేటలోని పాత బస్టాండు ఇనుప షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. అన్నేళ్లు కళ్లెదుట ఉన్నదాని కథ మేమైనా పిల్లలకు చెప్పామా అంటే లేదు.

మనుషులు కాపురముండని చోట కూడా ఇలాంటి గుర్తులున్నాయని చెప్పబోయి దక్షిణ ధ్రువం సంగతి ఎత్తాం. అక్కడి అమెరికా పరిశోధనా కేంద్రం పేరు అముండ్‌సెన్-స్కాట్. నార్వే దేశస్థుడు అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న ధ్రువాన్ని చేరాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన స్కాట్ నలుగురు తోటివారితో 1912 జనవరి 17న చేరేసరికి అక్కడ నార్వే జెండా ఎగురుతోంది. తిరుగుదారిలో ఐదుగురూ మరణించారు. అయినా ఆ కేంద్రానికి ఇద్దరి పేర్లూ పెట్టారు.

ప్రశ్న వేసిన కుర్రాడు ఆ ఏడు ఇంటర్ తప్పాడు. రెండు నెలలుగా వెనక బెంచీలో తల దించుకునే కూర్చునేవాడు. ఫలితాల రోజుల్లో మన ఇళ్లలో ఏం జరుగుతుందో పాఠకులకు తెలియనిది కాదు. అందుకే ఆ ప్రశ్నను దాటెయ్యడానికి మాకు మనసొప్పలేదు.

స్కాట్ పొరపాట్లు చేయలేదని మేమనం. కానీ 1912 నవంబరు 12న వెదకబోయినవారికి ఆ గుడారంలో ఏం దొరికిందో చూడండి. అన్నట్టు, ఆ వెదుకులాట బృందంతో మన దేశం నుంచి పంపిన 7 కంచర గాడిదలు కూడా నడిచాయి. గులాబ్, రాణీ, బేగం, లాల్ ఖాన్... అన్నీ మన పేర్లే! గుడారంలో స్కాట్, విల్సన్, బోవర్స్‌ల మృతదేహాలున్నాయి. వారి బండి మీద సుమారు 16 కిలోల రాళ్లున్నాయి. ఆకలితో, చలితో కాళ్లీడుస్తూ కూడా వాటిని పారేయలేదు. మోసుకురావాలని కోరినవాడు విల్సన్, వైద్యుడు, భక్తిపరుడైన క్రైస్తవుడు. ఆ రాళ్లలో గ్లాసాప్టెరిస్ అనే పురాతన వృక్షపు ఆకుల ముద్రలున్నాయి. మన సింగరేణి బొగ్గు ఏ అడవుల నుంచి పుట్టిందో, ఆ అడవుల చెట్టే అది! ఒకనాడు ఆ మంచు ఖండమూ మన నేలా కలిసే ఉండేవనడానికి అదొక సాక్ష్యమైంది.

వెదకబోయినవారు కొరింథీయుల పత్రికలోని పాఠం చదివారు. మన సమాధుల తోటలో చదివేదీ ఆ పత్రికే. గుడారాన్ని వారి మీదే దించి, పైన మంచు గుట్ట పేర్చి, స్కీ చెక్కలతో సిలువ చేసి నిలిపారు. 1913 జనవరిలో ఐదుగురి పేర్లతో ఒక కొండ మీద చెక్క సిలువ నాటారు. అది నేటికీ అక్కడ ఉంది.

మన దేశానికీ అక్కడ గుర్తులున్నాయి. డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 21 మంది గోవా నుంచి బయలుదేరి 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగారు. వారి పేర్లున్న ఫలకం దక్షిణ గంగోత్రి దగ్గర ఉంది. అంటార్కిటిక్ ఒప్పందపు చారిత్రక స్థలాల జాబితాలో దాని సంఖ్య 44. తర్వాత కట్టిన దక్షిణ గంగోత్రి కేంద్రం మంచులో కూరుకుపోతే మైత్రి వచ్చింది. మన నగరంలోని ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కూడా ఆ ఖండానికి వెళ్లి పనిచేశారు. అదే జాబితాలో 78వది హంబోల్ట్ పర్వతాల్లో ఉంది. 1990 జనవరి 8న అక్కడి శిబిరంలో ప్రమాదానికి గురై మరణించిన నలుగురు భారతీయుల స్మారకం అది. వారిలో ముగ్గురు రాళ్లను చదవడానికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్తలే.

ఇదంతా చెప్పేసరికి గంటైంది, పిల్లల్లో సగం మంది బిస్కెట్ల కోసం లేచారు. ఆ కుర్రాడు మాత్రం కదల్లేదు.

'ఆ రాళ్లు ఇప్పుడెక్కడున్నయి?'

లండన్ మ్యూజియంలో ఉన్నాయన్నాం.

'సింగరేణి దగ్గర దొరుకుతయా, ఆకులున్నవి?'

దొరుకుతాయన్నాం. సప్లిమెంటరీ పరీక్షలు కాగానే కొత్తగూడెం తీసుకెళ్తామని వాళ్లమ్మ ముందే మాటిచ్చాం.