హజ్‌కు వెళ్లే షుగర్ పేషెంట్లకు

రఘునాథపల్లిలో బజారుకైనా బండి మీదే వెళ్లే మన పెద్దలు మక్కాలో ఒక్కసారిగా కిలోమీటర్ల కొద్దీ నడవాలి. సఫా, మర్వాల మధ్య సయీయే 3 కిలోమీటర్లు దాటుతుంది; తవాఫ్ వేరు. అందుకే రెండు నెలల ముందు నుంచే ఫజ్ర్ తర్వాత నడక పెంచమంటున్నాం, ఇహ్రాంలో వేసుకోబోయే చెప్పులతోనే.

మా అసలు భయం షుగర్ పడిపోవడం. ఇక్కడి మోతాదులోనే ఇన్సులిన్ తీసుకుని, ఎక్కువ నడిచి, భోజనం ఆలస్యం చేస్తే చెమటలు, వణుకు వస్తాయి. ఎండకేమో అనుకుంటాం. వెంటనే కూర్చుని గ్లూకోజు నీళ్లు తాగాలి. షుగర్ ఉందని తీపికి జంకొద్దు. మోతాదు సంగతి బయలుదేరేముందే డాక్టరుతో తేల్చుకోండి, సొంతంగా మార్చుకోవద్దు.

తిరిగొచ్చాక నడక ఆగుతుంది, దావతులు మొదలవుతాయి! అన్నం, బిర్యానీ తగ్గించి, మందుల మోతాదు మళ్లీ చూపించుకోండి.