వాల్తేరా, రుషికొండా?

విశాఖపట్నంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి ఇంజినీరింగ్ తరగతులు మొదలయ్యే వరకు అనేక మధ్యతరగతి కుటుంబాలలో సాగే చర్చ రెండు పేర్ల చుట్టూ తిరుగుతుంది. మొదటిది 1926లో చట్టం ద్వారా ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం. రెండవది 1980లో ఎం.వి.వి.ఎస్. మూర్తి స్థాపించిన కళాశాలగా మొదలై, చాలాకాలం ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయానికే అనుబంధంగా నడిచి, 2007లో డీమ్డ్ హోదా పొందిన, రుషికొండలోని గీతం. డీమ్డ్ హోదా అంటే, శాసనసభ ప్రత్యేక చట్టం చేయకపోయినా, విశ్వవిద్యాలయాల నిధుల సంఘమైన యూజీసీ సలహాపై కేంద్ర ప్రభుత్వం ప్రకటన జారీచేసి, ఒక విద్యాసంస్థ తన పట్టాలను తానే ఇచ్చుకొనేందుకు కల్పించే అధికారం. ఈ రెండింటి మధ్య ఎంపికను ప్రతిష్ఠల పోటీగా చూసే అలవాటు బలంగా ఉన్నా, అది నిజానికి రుసుమును ఎవరు, ఎప్పుడు, ఏ డబ్బుతో చెల్లిస్తారన్న ప్రశ్న.

స్థలం గురించిన తర్జనభర్జన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పుట్టుకతోనే వచ్చింది. చట్టం అమలులోకి వచ్చినప్పుడు కేంద్రస్థానం బెజవాడ. ఏ పట్టణానికి ఆ గౌరవం దక్కాలన్న వాదం కొన్నేళ్లు నడిచిన తరువాత, కట్టమంచి రామలింగారెడ్డి ఉపకులపతిగా ఉన్న కాలంలోనే, 1930లో అది వాల్తేరుకు చేరింది. మూడేళ్లకు, 1933లో, విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైంది. ఓడరేవూ విశ్వవిద్యాలయమూ పక్కపక్కనే పెరిగిన ఫలితం పాఠ్యశాఖలలో కనిపిస్తుంది: భూభౌతిక శాస్త్రం, వాతావరణ శాస్త్రం, మెరైన్ ఇంజినీరింగ్, 1950వ దశకంలో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ చేయూతతో వేళ్లూనిన సముద్ర శాస్త్రం ఈ తీరం అవసరాలలో నుంచి ఎదిగినవే. ఈ రంగాలపై నిజమైన ఆసక్తి ఉన్న విద్యార్థికి వాల్తేరు వైపు మొగ్గడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు. అయితే దరఖాస్తుదారులలో అత్యధికులు కోరుకొనేది కంప్యూటర్ సైన్స్ కనుక, వారి విషయంలో తూకం వేరుగా ఉంటుంది.

ఆ తూకంలో మొదట నిలవవలసినది ఖర్చు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకొని కన్వీనర్ కోటాలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబానికి చెందిన విద్యార్థికి, ప్రభుత్వమే బోధన రుసుమును భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించవచ్చు. గీతం సొంత పరీక్ష ద్వారా చేరినవారు ఆ పథకం లెక్కలోకి రారు. అయితే ప్రభుత్వ విశ్వవిద్యాలయం అన్నంత మాత్రాన అన్ని సీట్లూ చౌక కావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే రెగ్యులర్ సీట్లకు తోడు, శాఖ ఖర్చును విద్యార్థుల రుసుములతోనే భరించే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు ఉన్నాయి. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ తేడాను గమనించనివారు తరువాత కంగారుపడతారు. ఇటువైపు గీతంలో ప్రతిభా రాయితీ లభిస్తే లెక్క మారుతుంది. అయితే ఆ రాయితీ రెండవ ఏటికి ఏ షరతుపై కొనసాగుతుందో చేరేముందే కాగితం మీద చూసుకోవడం అవసరం.

అప్పు చేయవలసి వచ్చినప్పుడు చాలా ఇళ్లలో చూసేది మొదటి ఏటి రుసుమునే. చూడవలసినది చదువు ముగిశాక కట్టే నెలవాయిదాను. ఉదాహరణకు నాలుగేళ్లలో ఏటా రెండున్నర లక్షల చొప్పున మొత్తం 10 లక్షల రుణం 10 శాతం వడ్డీకి తీసుకొని, చదువు పూర్తయిన తరువాత మరో ఏడాది వరకు చెల్లింపు వాయిదా పడిందనుకొంటే, ఆ ఐదేళ్లకు సాధారణ వడ్డీయే మూడున్నర లక్షలవుతుంది. మొత్తం పదమూడున్నర లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800 రూపాయలు కట్టాలి. నెలకు పాతిక వేలతో ఉద్యోగం మొదలుపెట్టే యువకుడికి ఆ వాయిదా పోగా మిగిలేది ఏడు వేల చిల్లర, అంటే బెంగళూరులో గది అద్దెకే చాలని మొత్తం. ఈ లెక్క ముందే వేయని ఇంట్లో ఆ భారం చివరకు తండ్రి భవిష్యనిధి మీదనో, తల్లి నగల మీదనో పడుతుంది. పిల్లల చదువు కోసం పెద్దలు వృద్ధాప్యపు ఆసరాను కరిగించుకోవడాన్ని త్యాగమని పొగిడి ఊరుకోవడం సమాజానికి తగదు.

దూరం కూడా ఖర్చే. గాజువాక, కూర్మన్నపాలెం వైపు నివసించే ఉక్కు ఉద్యోగుల పిల్లలు రుషికొండకు చేరాలంటే ఎన్‌ఏడీ కూడలి మీదుగా నగరమంతా దాటాలి. వాల్తేరు దానికంటే చాలా దగ్గర. మధురవాడ పిల్లలకు ఇదే లెక్క తిరగబడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులలో చాలామందికి ఎటు చేరినా హాస్టలే గతి కనుక, వారు పోల్చవలసినవి వసతి, మెస్ బిల్లులు.

ఉద్యోగావకాశాల విషయంలో ఈ నగరపు పాత నమ్మకాలు చెదిరాయి. 32 మంది ప్రాణాలు అర్పించిన ఉద్యమంతో సాధించుకొన్న ఉక్కు కర్మాగారంలో పెట్టుబడులను పూర్తిగా ఉపసంహరించుకోవాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించి, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సాయాన్ని ఆమోదించింది. ఆ మధ్య నాలుగేళ్లలో ఒక తరం విద్యార్థులు లోహశాస్త్రం వంటి శాఖలను సందేహంతో చూశారు. అయినా అనేక ప్రభుత్వరంగ సంస్థలు ఇంజినీర్లను గేట్ పరీక్ష మార్కుల ఆధారంగా ఎంపిక చేస్తాయి కనుక, ఆ దారిలో పట్టా మీద ఉన్న పేరుకు పెద్దగా విలువ లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల సంగతి వేరు: అక్కడ ప్రాంగణానికి ఏ సంస్థలు వస్తాయన్నదే కీలకం. ప్రకటనలలో కనిపించే అత్యధిక వేతనం ఒక్కరికి దక్కినది కావచ్చు. జాతీయ ర్యాంకింగ్ వ్యవస్థ అయిన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు విద్యాసంస్థలు సమర్పించే పత్రాలలో మధ్యస్థ వేతనం, అంటే ఉద్యోగాలు పొందినవారిని జీతం క్రమంలో నిలబెడితే సరిగ్గా నడుమనున్న వ్యక్తి అందుకొనే మొత్తం, ఎందరు ఉత్తీర్ణులయ్యారో, ఎందరికి కొలువు దొరికిందో అన్న సంఖ్యలతో పాటు ఉంటుంది. నెలవాయిదాను ఈ మధ్యస్థ వేతనంతో పోల్చిచూడాలి.

తొందరపాటుకు మూలం ప్రవేశాల కాలక్రమం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ పూర్తికాక ముందే డీమ్డ్ విశ్వవిద్యాలయాలలో సీటు ఖాయం చేసుకోవలసి రావడంతో, కట్టిన డబ్బు పోతుందన్న భయంతో కన్వీనర్ సీటునే వదులుకొనేవారున్నారు. యూజీసీ 2018లో జారీచేసిన ప్రకటన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే విరమించుకొంటే, 5,000 రూపాయలకు మించని నిర్వహణ ఖర్చు మినహా రుసుమంతా తిరిగి రావాలి. ఆ తేదీ దాటిన 15 రోజులలోపు 80 శాతం, 30 రోజులలోపు సగం తిరిగివ్వాలి. అసలు సర్టిఫికెట్లను సంస్థ తన దగ్గర అట్టిపెట్టుకోవడాన్నీ ఆ ప్రకటన నిషేధించింది. కనుక రుషికొండలో డబ్బు కట్టిన కుటుంబం కూడా వాల్తేరులో సీటు ప్రకటించే దాకా నిబ్బరంగా వేచి ఉండవచ్చు.